గూడుబండి, కోడి పన్ను

అమెరికాలో కారు వెనకో ట్రక్కు వెనకో తగిలించి లాక్కుపోయే చిన్న ఇంటిని ట్రావెల్ ట్రైలర్ అంటారు. దీనికి తెలుగులో మాట లేదు కదా అని ఒక మిత్రుడు అన్నప్పుడు నాకు ఒప్పుకోబుద్ధి కాలేదు. వెదురు దబ్బలు వంచి, పైన చాప కప్పి, లోపల ఎండుగడ్డి పరిచి, దాని మీద జంపఖానా వేసి, తిరునాళ్ళకూ పెళ్ళిళ్ళకూ పిల్లాపాపలతో కదిలిపోయిన గూడుబండి మనకు ఉండనే ఉంది. చీకటి పడితే ఏ చెరువుగట్టునో ఎద్దుల్ని విప్పి, మూడు రాళ్ళ పొయ్యి మీద ఇంత వండుకు తిని, ఆ బండిలోనే నడుం వాల్చేవారు మన పెద్దలు. ఒకరి ఇంటి గడప తొక్కకుండా, ఒక సత్రం యజమాని దయ కోరకుండా దూరం వెళ్ళి రావడమే దాని సారం. చిత్రమేమిటంటే, అమెరికాలో మొదటిసారి పెద్దయెత్తున అమ్ముడుపోయిన ట్రైలరు పేరు కూడా అదే: కవర్డ్ వాగన్, అంటే గూడుబండి.

నా దగ్గర 2000ల తొలినాళ్ళ చిన్న పికప్ ట్రక్కు ఒకటి ఉంది. నాలుగు సిలిండర్ల ఇంజను, చేత్తో మార్చే గేర్లు, ఇద్దరు కూర్చునే చోటు, వెనక ఆరడుగుల తొట్టి. మన బొలెరో పికప్‌ను తలచుకుంటే దాని పరిమాణం ఇంచుమించు తెలుస్తుంది. దాని వెనక పదమూడడుగుల ఫైబర్‌గ్లాస్ గూడుబండి తగిలించుకొని కొన్నేళ్ళుగా కొండలూ అడవులూ తిరుగుతున్నాను. పెట్రోలు బంకు దగ్గర ఎవరో ఒకరు వచ్చి, ఇంత చిన్న ట్రక్కులు ఇప్పుడెందుకు రావడం లేదని అడుగుతూనే ఉంటారు. అడిగినవారే జవాబు కూడా చెప్పేస్తారు: జనానికి పెద్దవే కావాలట. ఈ జవాబు వినివిని నాకు విసుగు పుట్టింది. చరిత్ర చదివితే అది సగం కూడా నిజం కాదని తేలింది. ఆ చరిత్రనే ఇక్కడ క్రమంగా చెప్పే ప్రయత్నం చేస్తాను. అందులో కోళ్ళున్నాయి, ఒక అధ్యక్షుడున్నాడు, చివరకు మనమూ ఉన్నాం.

మొదట ఇంటి సంగతి. డెట్రాయిట్‌లో ఆర్థర్ షెర్మన్ అనే సూక్ష్మజీవ శాస్త్రవేత్త ఉండేవాడు. మందుల కంపెనీ నడిపిన మనిషి. 1929 ప్రాంతంలో ఆయన కుటుంబంతో విహారానికి వెళుతూ మడత విప్పితే గుడారమయ్యే ట్రైలరు ఒకటి కొన్నాడు. నిమిషాల్లో విప్పవచ్చునన్నది అమ్మినవారి మాట. వానలో అది ఎంతకీ విప్పుడు పడక కుటుంబమంతా తడిసి ముద్దయింది. తిరిగివచ్చిన షెర్మన్ ఆరడుగుల వెడల్పు, తొమ్మిదడుగుల పొడవుతో గట్టి గోడలున్న చెక్కపెట్టె కట్టించి చక్రాల మీద నిలబెట్టాడు. పిల్లలు దానికి పెట్టిన పేరే కవర్డ్ వాగన్. చూసినవారు మాకూ కావాలనడంతో 1930 జనవరిలో డెట్రాయిట్ మోటారు ప్రదర్శనలో పెట్టాడు. 1936 నాటికి ఆయన కంపెనీ దేశంలోనే అతిపెద్ద ట్రైలర్ల తయారీదారు అయింది. దేశం ఆర్థిక మాంద్యంలో మునిగి ఉన్న రోజులవి అన్న సంగతి మరచిపోకూడదు. మామూలు కారు లాగగలిగే, మామూలు కుటుంబం కొనగలిగే వస్తువు కావడమే దాని విజయరహస్యం.

అదే 1936లో వాలీ బయమ్ అనే ఆయన ఎయిర్‌స్ట్రీమ్ క్లిప్పర్ తెచ్చాడు. దాని వెండిరంగు అల్యూమినియం దేహం ఊరికే పుట్టలేదు. లిండ్‌బర్గ్ అట్లాంటిక్ దాటిన విమానం నిర్మాణాన్ని పర్యవేక్షించిన హాలీ బౌలస్ 1934లో విమానం పద్ధతిలోనే ఒక ట్రైలరు తయారుచేసి, వ్యాపారంలో నష్టపోయాడు. బయమ్ అందుకున్నది ఆ ఆలోచననే. క్లిప్పర్ ధర 1,200 డాలర్లు. ఆ రోజుల్లో అది సామాన్యుడికి అందేది కాదు. అంటే గూడుబండి పుట్టిన పదేళ్ళ లోపే రెండు దారులు చీలాయి: చవకది, సంపన్నులది. అయినా జనానికి దాని మీద ఎంత మోజు కలిగిందంటే, రోజర్ బాబ్సన్ అనే ఆర్థిక జోస్యుడు ఇరవై ఏళ్ళలో అమెరికా జనాభాలో సగం ట్రైలర్లలోనే కాపురముంటుందని చెప్పేశాడు. ఆ జోస్యం ఫలించలేదు. రెండవ ప్రపంచయుద్ధంలో మాత్రం వేలాది ట్రైలర్లు యుద్ధ కర్మాగారాల పక్కన కార్మికుల ఇళ్ళయ్యాయి. టెన్నెసీలో అణుబాంబు పథకం కోసం వెలసిన ఓక్‌రిడ్జ్ పట్టణంలోనూ అలాంటి వాడలు ఉండేవి. యుద్ధం తర్వాత వాటిలో ఒక శాఖ అంతకంతకూ వెడల్పై, కదలని కదిలే ఇళ్ళుగా మారింది. రెండో శాఖ విహారానికే మిగిలింది.

ఇక్కడ ఒక మాట చెప్పకుండా ముందుకు వెళ్ళలేను. సొంత కప్పు ఉంటే ఎవరైనా ఎక్కడికైనా పోవచ్చునన్నది గూడుబండి ఇచ్చిన హామీ. ఆ 'ఎవరైనా' అన్న మాటలో అందరూ లేరు. ఏ 1936లో షెర్మన్ కంపెనీ అగ్రస్థానంలో ఉందో, ఏ 1936లో క్లిప్పర్ వచ్చిందో, అదే సంవత్సరం న్యూయార్కులో విక్టర్ హ్యూగో గ్రీన్ అనే తపాలా ఉద్యోగి ఒక చిన్న పుస్తకం వెలువరించాడు. నల్లజాతి ప్రయాణికులకు ఏ ఊళ్ళో ఎవరు భోజనం పెడతారో, ఎవరు పడక ఇస్తారో చెప్పే పుస్తకం అది. దారిలో ఏ హోటలూ తలుపు తీయదన్న భయంతో అన్నం మూటలు కట్టుకొని, కారులోనే కన్ను మూసి ప్రయాణించిన కుటుంబాలకు అది మూడు దశాబ్దాల పాటు చేతికర్ర అయింది. ఆరుబయలు కూడా అందరిదీ కాదు. వర్జీనియాలోని షెనండోవా జాతీయ వనంలో 1939లో లూయిస్ మౌంటెన్ అనే శిబిరాన్ని నల్లవారి కోసమని విడిగా తెరిచారు. చెట్లకూ కొండలకూ లేని రంగును మనుషులు అక్కడ గీత గీసి పెట్టారు. 1950 నాటికి ఆ గీత పూర్తిగా చెరిగింది. ఆ శిబిరం నేటికీ ఉంది. చిన్నది, చిన్న బళ్ళకు అనువైనది. అక్కడ రెండు రాత్రులున్నాను. ఆ చరిత్ర తెలిసినవాడికి అక్కడ నిద్ర అంత తేలిగ్గా పట్టదు.

యుద్ధానంతరం పెట్రోలు చవక, కార్లు భారీ. 1956లో అంతర్‌రాష్ట్ర రహదారుల చట్టం వచ్చింది. 41,000 మైళ్ళ కొత్త రోడ్లకు అది పునాది వేసింది. లాగే బండ్లు బలిసేకొద్దీ లాగించుకునే ఇళ్ళూ బలిశాయి. ఈ వరదకు ఎదురీదింది కెనడాలోని విన్నిపెగ్‌లో పుట్టిన ఒక గుడ్డు. రే ఒలెకో అనే ఆయన అంతకు ముందు ఫైబర్‌గ్లాస్‌తో సెప్టిక్ ట్యాంకు రూపొందించాడు. ఆ మురుగుతొట్టి విద్యనే ఇంటికి మళ్ళించి, 1968లో సాండర్ డుస్సాతో కలిసి బోలర్ అనే పదమూడడుగుల ట్రైలరు తయారుచేశాడు. కింది సగం ఒక అచ్చులో, పై సగం మరో అచ్చులో పోసి, నడుము దగ్గర అతికిస్తారు. కొబ్బరిచిప్పలు రెండు కలిపినట్టు. చెక్క చట్రం మీద రేకు తొడిగిన ట్రైలర్లకు మూల మూలా అతుకే, అతుకు అతుక్కీ వాన చెమ్మే; పదేళ్ళు తిరక్కుండా లోపలి చెక్క కుళ్ళుతుంది. ఈ గుడ్డుకు కప్పు మూలల్లో అతుకులే లేవు. బరువు సుమారు 1,000 పౌండ్లు, అంటే 450 కిలోలు. ఇదే పద్ధతిలో 1970ల తొలినాళ్ళలో మిన్నెసోటాలో స్కాంప్, 1980లలో టెక్సస్‌లో కసీటా వచ్చాయి. యాభై ఏళ్ళ నాటి బోలర్లు ఇప్పటికీ రోడ్ల మీద కనబడతాయి.

ఇక లాగే బండి సంగతి. 1950ల చివర జపాను నుంచి డాట్సన్ 220 అనే పికప్ అమెరికాకు వచ్చింది. 1,000 సి.సి. లోపు ఇంజను, 37 అశ్వశక్తి. అప్పటి అమెరికన్ ట్రక్కు పక్కన నిలబెడితే ఏనుగు పక్కన దూడలా ఉండేది. కాని తోటపని చేసుకునేవాడికీ, రంగులు వేసేవాడికీ అంతకు మించి అక్కరలేదు. ఐరోపా నుంచి ఫోక్స్‌వాగన్ వారి చదునుముక్కు పికప్పులూ వ్యానులూ అప్పటికే వస్తున్నాయి. చవకైన చిన్న ట్రక్కుకు అమెరికాలో గిరాకీ లేదనేవారు ఈ సంవత్సరాలను గమనించాలి. గిరాకీ ఉండబట్టే గొడవ వచ్చింది.

గొడవకు మూలం కోడి. యుద్ధం తర్వాత అమెరికాలో కోళ్ళ పెంపకం కర్మాగార స్థాయికి చేరి, కోడిమాంసం చవకై, పశ్చిమ జర్మనీకి ఓడల మీద పోయింది. అక్కడి రైతులు గోల పెట్టారు. 1962లో ఐరోపా ఆర్థిక సమాజం అమెరికా కోడి మీద సుంకం పెంచింది. అర్కన్సా కోళ్ళ రైతుల ప్రతినిధి సెనేటర్ ఫుల్‌బ్రైట్ అణ్వాయుధాల మీద నాటో చర్చ జరుగుతుంటే మధ్యలో లేచి కోళ్ళ గురించి మాట్లాడాడు. రాజీ కుదరలేదు. కెనెడీ హత్య తర్వాత పదవిలోకి వచ్చి రెండు వారాలైనా కాని లిండన్ జాన్సన్ 1963 డిసెంబరు 4న ప్రకటన మీద సంతకం చేశాడు. బంగాళాదుంప పిండి, డెక్స్‌ట్రిన్ అనే జిగురు, బ్రాందీ, తేలిక ట్రక్కులు – వీటి దిగుమతి మీద ప్రతీకార సుంకం అది. ట్రక్కుల మీద 25 శాతం. 1964 జనవరి 7 నుంచి అమలు. ఫోక్స్‌వాగన్ దిగుమతులకు కళ్ళెం వేయాలని కార్ల కార్మికసంఘ నాయకుడు వాల్టర్ రూథర్ కోరుతున్నాడనీ, ఎన్నికల ముందు ఆయన అండ జాన్సన్‌కు అవసరమనీ అధ్యక్ష భవనపు టేపుల వల్ల తరువాత బయటపడింది. మిగతా మూడింటి మీదా సుంకం కాలక్రమాన తొలగింది. ట్రక్కు మీద మాత్రం అరవై ఏళ్ళు దాటినా నిలిచింది. కోడి పేరున పడ్డ పన్ను కోడిని ఏనాడో మరచిపోయింది. ఇదంతా దూరపు ముచ్చట అనుకునే మన కోళ్ళ రైతులకు ఒక్క మాట: భారతదేశం అమెరికా కోడిమాంసాన్ని ఆపిందని 2012లో అమెరికా ప్రపంచ వాణిజ్య సంస్థలో ఫిర్యాదు చేసి 2015లో నెగ్గింది. కోడి చిన్నదే గాని దాని కూత సముద్రాలు దాటుతుంది.

పన్ను ఉన్న చోట సందు ఉంటుంది. తొట్టి లేని ట్రక్కును, అంటే ముందుగది, చట్రం, చక్రాలు మాత్రమే ఉన్న బండిని దింపితే 4 శాతమే సుంకం. టొయోటా 1972లో కాలిఫోర్నియాలోని లాంగ్‌బీచ్‌లో తొట్టెలు చేసే కర్మాగారం పెట్టుకుంది. హైలక్స్ మొండెం ఓడలో వస్తుంది, తొట్టి ఇక్కడ తగులుతుంది. మాజ్డా చేసిన ట్రక్కు ఫోర్డ్ కూరియర్ అయింది, ఇసుజు చేసినది షెవ్రొలే లవ్ అయింది. ఎవరిని ఆపడానికి పన్ను పడిందో వారి బండ్లకే, ఎవరిని కాపాడడానికి పడిందో వారి పేర్లు తగిలాయి. 1980లో సుంకాల శాఖ ఈ సందు మూసింది. సుబారు వారు బ్రాట్ అనే బండి తొట్టిలో వెనక్కి తిరిగి కూర్చునే రెండు ప్లాస్టిక్ కుర్చీలు బిగించి, ఇది ట్రక్కు కాదు ప్రయాణికుల కారే అన్నారు. రీగన్ తన పశువుల క్షేత్రంలో వాడినదీ 1978 నాటి బ్రాటే. చాలా ఏళ్ళ తర్వాత ఫోర్డ్ వారు ట్రాన్సిట్ కనెక్ట్ వ్యానులను వెనక సీట్లతో దింపి, రేవు దాటాక ఆ సీట్లు పీకించారు. ఆ వివాదం 2024లో 36 కోట్ల 50 లక్షల డాలర్ల చెల్లింపుతో ముగిసింది.

1973 చమురు సంక్షోభంతో బంకుల ముందు బారులు తీరినప్పుడు చిన్న ట్రక్కు విలువ అందరికీ తెలిసింది. 1980ల మొదట్లో షెవ్రొలే ఎస్-10, ఫోర్డ్ రేంజర్ దిగాయి. 1983లో నిస్సాన్ టెన్నెసీలోని స్మిర్నాలో ట్రక్కులు చేయడం మొదలుపెట్టింది. ఫైబర్‌గ్లాస్ గుడ్డుకూ చిన్న ట్రక్కుకూ ఈడూ జోడూ కుదిరింది అప్పుడే. ఒక బడిపంతులు, ఒక వడ్రంగి తమ జీతంతో కొనగలిగిన జోడు అది.

ఈ జోడులో కీలకం బలం కంటే తూకం. ఎద్దుబండి తోలినవారికి ఇది కొత్తగా చెప్పనక్కరలేదు. బరువంతా వెనక వేస్తే నొగ పైకి లేచి కాడి ఎద్దుల మెడను పైకి లాగుతుంది. ముందుకు ఎక్కువ తోస్తే ఆ భారం మెడల మీద పడి ఎద్దులు కుంగుతాయి. ట్రైలరుకూ ఇదే నియమం. నొగ మీద పడే బరువు మొత్తంలో 10 నుంచి 15 శాతం ఉండాలి. అంతకు తగ్గితే వేగం పెరిగేకొద్దీ ట్రైలరు పాములా అటూ ఇటూ ఊగి, చివరకు లాగే బండినే తిప్పి పడేస్తుంది. మించితే ట్రక్కు వెనక కుంగి, ముందు చక్రాలకు పట్టు తగ్గుతుంది. నా గూడుబండి ఖాళీగా 1,300 పౌండ్లు; నీళ్ళూ బియ్యమూ దుప్పట్లూ పెట్టి లారీల కాటా మీద తూచితే 1,700. నొగ మీద 200, అంటే దాదాపు 12 శాతం. నా ట్రక్కు లాగగల హద్దు 2,000. ఈ మూడు అంకెలూ తలుపు లోపల రాసి అంటించుకున్నాను. ఒక ట్రైలర్ల దుకాణంలో అమ్మకందారు మాత్రం, ఆ ట్రక్కుతో ఇరవై నాలుగడుగుల ఇల్లయినా లాగవచ్చునని నన్ను ఒప్పించబోయాడు. లాగడం వేరు, ఆపడం వేరు అని చెప్పి వచ్చేశాను. ట్రక్కు ఎంత లాగగలదో పరీక్షించే ఉమ్మడి ప్రమాణమే 2008 దాకా లేదు. అంతవరకూ ఏ కంపెనీ చెప్పిందే దాని లెక్క.

మరి ఆ చిన్న ట్రక్కు ఏమైంది? పన్ను గోడ వెనక విదేశీ పోటీ లేదు. పెద్ద ట్రక్కు మీద లాభం ఎక్కువ. పైగా ఇంధన పొదుపు నిబంధనలు మారాయి. 2011 నమూనాల నుంచి ట్రక్కు నాలుగు చక్రాల నడుమ వైశాల్యాన్ని బట్టి మైలేజీ లక్ష్యం నిర్ణయించసాగారు. వైశాల్యం పెరిగితే లక్ష్యం సడలుతుంది, తగ్గితే బిగుస్తుంది. చిన్నదాన్ని చిన్నదిగా ఉంచడమే కష్టమైపోయింది. ఎస్-10 2004లో ఆగింది. 2011 డిసెంబరులో మిన్నెసోటాలోని సెయింట్ పాల్ కర్మాగారం నుంచి ఆఖరి చిన్న రేంజర్ బయటకు వచ్చింది. ఆ కర్మాగారమూ మూతపడింది. 2019లో రేంజర్ పేరు తిరిగివచ్చింది గాని ఒళ్ళు పెరిగింది. పదేళ్ళ పాటు కొత్త చిన్న ట్రక్కు కొనాలన్నా దొరకలేదు. దొరకని వస్తువును ఎవరూ కొనలేదు కాబట్టి ఎవరికీ అక్కరలేదని తీర్మానించారు! 2021లో ఫోర్డ్ మావరిక్ వచ్చింది. మెక్సికోలో తయారు, ప్రారంభ ధర 20,000 డాలర్లకు కాస్త తక్కువ, హైబ్రిడ్ ఇంజనుతో 2,000 పౌండ్లు లాగగలదు, అంటే సరిగ్గా ఒక ఫైబర్‌గ్లాస్ గుడ్డు. జనం ఎగబడ్డారు, తయారీ అందక ఆర్డర్లు ఆపవలసి వచ్చింది. ధర ఆ తర్వాత ఆగకుండా పెరిగింది. 2025లో వాహనాల దిగుమతి మీద కొత్త సుంకాలూ వచ్చిపడ్డాయి.

ఈ కథంతటిలో నన్ను ఎక్కువగా ఆలోచింపజేసేది జాన్సన్ సంతకం. 1963 చివర ఆయన చేసిన ఒక సంతకం వల్ల చవకైన చిన్న ట్రక్కు దారి మూసుకుపోయింది. 1964 జులై 2న అదే చేయి పౌరహక్కుల చట్టం మీద సంతకం చేసింది. హోటలు తలుపు ఎవరి ముఖాన మూయడానికీ వీలు లేకపోయింది, గ్రీన్ పుస్తకం కొన్నేళ్ళకే అవసరం తీరి ఆగిపోయింది. 1965 అక్టోబరు 3న మళ్ళీ అదే చేయి వలస చట్టం మీద సంతకం చేసింది. అప్పటివరకు ఏడాదికి నూరుమంది చొప్పున లెక్కపెట్టి రానిచ్చిన భారతీయులకు తలుపులు తెరుచుకున్నాయి. గుంటూరు నుంచీ, వరంగల్లు నుంచీ డాక్టర్లూ ఇంజనీర్లూ బయలుదేరింది ఆ తర్వాతనే. నేనూ ఆ దారినే వచ్చాను. ఒక చేత్తో బండిని ఆపినవాడే మరో చేత్తో మనుషుల్ని రానిచ్చాడు. రెండిటిలో ఏది పెద్దదో తూచడానికి కాటా అక్కరలేదు.

కాని చిన్న సంతకాన్ని కూడా మరువకూడదనిపిస్తుంది. చట్టం తలుపు తెరిచాక, లోపలికి వెళ్ళే స్తోమత ఎవరికుందన్న ప్రశ్న మిగులుతుంది. ఒకప్పుడు రంగు చూసి ఆపిన శిబిరాల దగ్గర ఇప్పుడు నాకు కనిపించేవి అరవై, డెబ్భై వేల డాలర్ల ట్రక్కులూ, వాటికి తగ్గ ఇళ్ళూను. వడ్రంగీ బడిపంతులూ కొనుక్కోగలిగిన జోడు పాతసామాను అమ్మేచోటనే దొరుకుతోంది. దీన్ని జనాభిరుచి అనుకోవడం సులువు. ఒక్కొక్క సుంకం, ఒక్కొక్క నిబంధన పేర్చి కట్టిన గోడ ఇది. మనుషులు కట్టిన గోడను మనుషులు తీయగలరని లూయిస్ మౌంటెన్ చెబుతూనే ఉంది.

చివరగా ఒక మనవి. ట్రైలరు ముందుకు చాచిన ఇనుప దూలానికి 'నొగ' అనీ, దాని మీది భారానికి 'నొగ బరువు' అనీ నేను వాడుతున్నాను. ట్రక్కు వెనక ఉండే ఇనుప బంతికీ, అది పట్టుకునే గిన్నెకూ మాటలు తోచలేదు. బండ్లు కట్టే వడ్రంగుల మధ్య పెరిగిన మిత్రులెవరికైనా తెలిస్తే చెప్పండి, రాసి ఉంచుకుంటాను.